జాయప సేనాని – దీవిసీమ వియ్యం

వియ్యానికైనా కయ్యానికైనా సమఉజ్జీ కావాలని మన పెద్దలు అంటారు. చరిత్ర పుటలు తిరగవేసిన వారికి ఈ సామెత రాజుల విషయంలో తలకిందులుగా కనిపిస్తుంది. ఉజ్జీ కానివానితో కయ్యం పెట్టుకోవడం, ఆ కయ్యంలో గెలవడం, గెలిచిన పిమ్మట ఓడినవాని ఇంటి ఆడపిల్లను చేపట్టడం దేశదేశాల రాజులు ప్రాచీన కాలం నుండి ఆచరించిన పద్ధతి. ఓడినవాడు మామ అవుతాడు. అతని కుమారుడు బావమరిది అవుతాడు. నిన్నటి శత్రువు కోట నేడు అత్తవారిల్లు అవుతుంది.

ఇటువంటి వియ్యం ఒకటి మన కృష్ణా ముఖద్వారాన, హంసలదీవి పరిసర సీమలో, పదమూడవ శతాబ్ది తొలి సంవత్సరాలలో జరిగింది. ఆ వియ్యం మూలంగా ఓరుగల్లు చేరిన ఒక బాలుడు పెరిగి పెద్దవాడై సేనాని అయినాడు, మండలాధిపతి అయినాడు, కడకు నృత్యశాస్త్ర గ్రంథకర్త అయినాడు. ఆయనే జాయప సేనాని. ఆయన పేరు విననివారు మన జిల్లాలో అరుదు. అయితే ఆయన అభ్యుదయానికి మూలమైన ఆ పెళ్ళిని గురించి, ఆ పెళ్ళికూతుళ్ళను గురించి నిలిచి ఆలోచించినవారు అంతకంటె అరుదు. ఆ పెళ్ళి వెలుగులో ఆయన జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచవలెనని మా సంకల్పం.

ముందుగా లోకంలో ఇటువంటి వివాహాలు ఎట్లా నడిచాయో ఒకటి రెండు ఉదాహరణలు చూద్దాం. మాసిడోనియా రాజు అలెగ్జాండరు క్రీస్తు పూర్వం 327 ప్రాంతంలో బాక్ట్రియా, సోగ్డియా దేశాల కొండకోటలను లోబరచుకొన్నాడు. అక్కడి ప్రభువైన ఆక్సియార్టెస్ కుమార్తె రుఖ్సానాను పెండ్లాడాడు. గ్రీకులు ఆమెను రొక్సానా అన్నారు. ఆ వివాహంతో మామ విధేయుడైనాడు, కొండసీమ శాంతించింది. మూడేళ్ళ తరువాత, క్రీ.పూ. 324లో, సూసా నగరంలో అలెగ్జాండరు తన సేనానులలో ఎనభైమందికి పైగా పారశీక కన్యలతో ఒకేసారి వివాహాలు జరిపించాడు. తాను కూడా దరియవుషు కుమార్తెను చేపట్టాడు. ఆ మరుసటి ఏడాదే ఆయన మరణించడంతో ఆ సేనానులలో చాలామంది తమ పారశీక భార్యలను విడనాడారని చరిత్రకారుల అభిప్రాయం. రొక్సానా కథ మరీ దారుణం. తండ్రి చనిపోయిన తరువాత పుట్టిన బిడ్డనూ, ఆమెనూ రాజ్యలోభులు కొన్నేళ్ళకు చంపించారు. రాజు బ్రతికి ఉన్నంతవరకే ఆ వియ్యానికి విలువ.

వారిలో సెల్యూకస్ అనేవాడు మాత్రం తన భార్య అపామాను వదలలేదు. ఆమె కడుపున పుట్టిన అంతియోకస్ తండ్రి తరువాత సామ్రాజ్యాన్ని ఏలాడు. ఆమె పేరిట పట్టణాలు వెలిశాయి. ఈ సెల్యూకస్సే మన చంద్రగుప్త మౌర్యునితో యుద్ధానికి వచ్చి, సంధి చేసుకొని, ఆ సంధిలో భాగంగా వివాహ సంబంధానికి ఒప్పుకొని, ఐదువందల ఏనుగులను పుచ్చుకొని వెళ్ళినవాడు. వియ్యమూ ఏనుగులూ ఒకే సంధిపత్రంలో చోటుచేసుకోవడం చూస్తే నవ్వు రావచ్చు. అయితే మన జాయప కథలో కూడా పెళ్ళి వెంట ఏనుగులు వస్తాయి. ఆ ముచ్చట తరువాత చెబుతాము.

మన ఆంధ్రదేశంలోనూ ఈ రాచవియ్యాలు కొత్తవి కావు. తంజావూరు చోళులు వేంగి వ్యవహారాలలో సైన్యంతో జోక్యం చేసుకొన్న పిమ్మట రాజరాజచోళుడు తన కుమార్తె కుందవను వేంగి చాళుక్య విమలాదిత్యునికి ఇచ్చాడు. ఆ దంపతుల కుమారుడే రాజరాజనరేంద్రుడు, నన్నయభట్టు చేత మహాభారతాన్ని తెనిగింపజేసినవాడు. ఆయన కూడా మేనమామ రాజేంద్రచోళుని కుమార్తె అమ్మంగదేవిని చేసుకొన్నాడు. వారి కుమారుడు కులోత్తుంగుడు 1070లో చోళ సింహాసనాన్నే అధిష్ఠించాడు. ఇక్కడ బలవంతుడు పిల్లను ఇచ్చాడు. దీవిసీమలో బలవంతుడు పిల్లను తీసుకొన్నాడు. ఈ రెండింటికీ గల భేదం చిన్నది కాదు. పిల్లను ఇచ్చినవాడు తన కూతురు కంట నీరు పెట్టకుండా అల్లుని అదుపులో ఉంచుకోగలడు. ఓడి పిల్లను ఇచ్చినవానికి ఆ అదుపు ఎక్కడిది?

ఇక మన సీమకు వద్దాం. కృష్ణానది పులిగడ్డ వద్ద రెండు పాయలై సముద్రానికి సాగుతుంది. ఆ పాయల నడుమ ఉన్న నేల దీవిసీమ. నది సాగరంలో లీనమయ్యే చోట హంసలదీవి ఉన్నది. అక్కడి సంగమంలో మునిగిన కాకి హంస అయినదని జనం చెప్పుకొంటారు. వేణుగోపాలస్వామి ఆలయం వద్ద మాఘపౌర్ణమికి తిరునాళ్ళు సాగుతాయి. ఒండ్రునేల, వరిపొలాలు, ఉప్పుకయ్యలు, మడ అడవులు, చేపల రేవులు: ఇదీ ఆ సీమ స్వరూపం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకొన్న ఈ నేలకు సముద్రుడు ఎంత ఇస్తాడో, ఎంత తీసుకొంటాడో వేరుగా చెప్పనవసరం లేదు.

ఆ సముద్రమే నాటి రాజులను ఇటు రప్పించింది. ఓరుగల్లు మెట్టభూముల మధ్య ఉన్న రాజధాని. చెరువులు తవ్వించి పంటలు పండించుకోగలరు కాని నావలు వచ్చే రేవు లేదు. పట్టువస్త్రాలు, కర్పూరం, చందనం, ముత్యాలు, గుర్రాలు రావలెనంటే తీరం కావాలి. తీరమంతా వెలనాటి చోడుల ఏలుబడిలో ఉండేది. వారికి సామంతులుగా దీవిని ఏలినవారు అయ్య వంశీయులు. నాటి శాసనం ఈ సీమను ద్వీపమనే పేర్కొన్నది. పదమూడవ శతాబ్ది ఆరంభంలో ఆ వంశపు పెద్ద పినచోడి. ఆయన కుమారుడు జాయన. జాయప, జాయపనాయుడు, జాయప సేనాని అని మనం పిలుచుకొనేది ఆయననే. నారాంబ, పేరాంబ ఆయన తోబుట్టువులు.

గణపతిదేవుని పూర్వకథ కొంత తెలిస్తే తప్ప ఆ మీది సంగతి బోధపడదు. ఆయన తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో మరణించాడు. యువకుడైన గణపతి శత్రువులకు చిక్కి దేవగిరిలో బందీగా ఉండవలసివచ్చింది. రాజు లేని కాలంలో రేచర్ల రుద్రుడనే సేనాని రాజ్యాన్ని అల్లకల్లోలం కాకుండా కాపాడాడు. 1199 నాటికి యాదవరాజు గణపతిని విడిచిపుచ్చాడు. అప్పటి నుండి 1262 వరకు, ఆరు దశాబ్దాలకు మించి, ఆయన రాజ్యం చేశాడు. పరుల కొలువులో బందీగా బ్రతకడం ఏమిటో, విడిచిపెట్టిన శత్రువు పట్ల మనసు ఎట్లా మెత్తబడుతుందో స్వానుభవంతో ఎరిగినవాడు ఆయన. దీవి విషయంలో ఆయన నడచిన తీరుకు ఈ అనుభవమే మూలమని మేము భావిస్తున్నాము.

సింహాసనమెక్కిన రెండేళ్ళకే, అనగా 1201 ప్రాంతంలో, కాకతీయ సైన్యం బెజవాడకు వచ్చింది. అక్కడి నుండి నదీమార్గం పట్టి దీవిసీమ మీదికి దిగింది. పినచోడి ఎదిరించాడు, కాని ఓడిపోయాడు. గెలిచిన రాజు ఓడినవాని తల తీయవచ్చు, కోట కూల్చవచ్చు, రాజ్యాన్ని తన సేనానులలో ఒకనికి అప్పగించవచ్చు. గణపతి ఆ మూడూ చేయలేదు. పినచోడిని తిరిగి దీవిలోనే నిలిపాడు. ఆయన కుమార్తెలు నారాంబ, పేరాంబలను ఇద్దరినీ పెండ్లాడాడు. బాలుడైన జాయపను తన వెంట ఓరుగల్లుకు తీసుకొనిపోయాడు.

ఈ మూడు పనులూ వేర్వేరుగా కనిపించినా ఒకే ఎత్తుగడలోని మూడు ముడులు. మామను గద్దె మీద ఉంచడం వల్ల దీవి ప్రజలకు కొత్త పాలకుడు వచ్చినట్లు అనిపించదు. కుమార్తెలను చేపట్టడం వల్ల మామ తిరగబడితే కూతుళ్ళ పసుపుకుంకుమల మీదికి వస్తుంది. కుమారుని వెంట ఉంచుకోవడం వల్ల దీవికి రేపటి ప్రభువు ఓరుగల్లు నీడలో పెరుగుతాడు. చివరిదానిని శాసనకవి వేరుగా చెప్పాడు. బాలుని సుగుణాలు చూసి రాజు ముచ్చటపడ్డాడని ఆయన భావం. ముచ్చటపడి ఉండవచ్చు, కాదనము. అయితే ఓడినవాని కొడుకును గెలిచినవాడు వెంట తీసుకొనిపోవడానికి రాజనీతిలో వేరే పేరున్నది. దానిని జామీను అంటారు. పెళ్ళిపందిరి కింద నిలబెట్టిన జామీను అయినా అది జామీనే.

బావమరిది బ్రతకకోరతాడు, దాయాది చావకోరతాడు అన్న సామెత పల్లెల్లో ఈనాటికీ వినవస్తుంది. రాజులకు ఇది పరమసత్యం. పినతండ్రి కొడుక్కు సింహాసనం మీద హక్కు ఉంటుంది, బావమరిదికి ఉండదు. బావ బాగుంటేనే తానూ బాగుంటాడు. తోబుట్టువులిద్దరూ అంతఃపురంలో ఉన్నంతకాలం ఆ మేలు మరింత గట్టిది. కనుకనే చరిత్రలో ఎందరో రాజులు అన్నదమ్ములకు ఇవ్వని ఆయుధాలను బావమరుదులకు ఇచ్చారు. గణపతి తన బావమరిదికి ఇచ్చిన ఆయుధం సామాన్యమైనది కాదు. జాయపను గజసాహిణిగా నియమించాడు, అనగా ఏనుగుల దళానికి అధిపతిని చేశాడు. ఆ కాలంలో కోటతలుపులు బద్దలు కొట్టేది ఏనుగు. యుద్ధం నడుమ అది వెనుదిరిగితే సొంత సైన్యాన్నే తొక్కివేస్తుంది. ఏనుగుల దళాన్ని నమ్మకం లేనివాని చేతికి ఏ రాజూ ఇవ్వడు. వైరులనే గోధుమలకు తిరుగలి వంటివాడని జాయపకు బిరుదు కూడా వచ్చింది. వరి తప్ప మరొకటి ఎరుగని దీవిసీమ బిడ్డకు గోధుమల తిరుగలి బిరుదు కావడం కవులు చేసిన చమత్కారం.

ఇక్కడ ఆగి ఆ ఆడపడుచుల సంగతి అడగాలి. తమ్ముడు గజసాహిణి అయినాడు, తండ్రి గద్దె నిలిచింది. మరి నారాంబ, పేరాంబలకు ఏమి లభించింది? రాణివాసం లభించింది, నిజమే. వారిని రాజు ధర్మపత్నులుగా స్వీకరించినట్లు జాయప శాసనం గౌరవంగానే చెబుతుంది. చెరపట్టి తెచ్చిన స్త్రీలకూ, మంత్రపూర్వకంగా చేపట్టిన పత్నులకూ ఉన్న తేడాను తక్కువ చేయరాదు. అయితే ఆ శాసనం వారిని ప్రస్తావించి, వెంటనే వారి సోదరుని ప్రశంసలోకి సాగిపోతుంది. తోబుట్టువుల పెళ్ళి ఆయన చరిత్రలో ఒక మెట్టు.

అదే కాకతీయ వంశపు ఆడపడుచులను చూడండి. గణపతిదేవుని సోదరి మైలాంబ నతవాడి ప్రభువైన రుద్రుని భార్య. ఆమె బయ్యారంలో చెరువు తవ్వించి శాసనం వేయించింది. కాకతీయుల వంశక్రమాన్ని తెలుసుకోవడానికి చరిత్రకారులకు నేటికీ ఆ శాసనమే దిక్కు. గణపతిదేవుని కుమార్తె గణపాంబ కోట వంశపు బేతరాజుకు ఇల్లాలు. భర్త గతించిన తరువాత ధరణికోట సీమను ఆమే పాలించింది. యనమదల శాసనంలో ఆమె కట్టించిన గుడుల ముచ్చట ఉన్నది. రుద్రమదేవిని గురించి చెప్పనే అవసరం లేదు. నిడదవోలు చాళుక్య వీరభద్రునికి భార్య అయిన ఆమె తండ్రి సింహాసనాన్నే ఏలింది. ఇవన్నీ రాజకీయ వివాహాలే. గణపతి దీవి పిల్లలను తెచ్చుకొన్నట్లే తన ఇంటి పిల్లలను కోటవారికీ, చాళుక్యులకూ ఇచ్చి కృష్ణా గోదావరి తీరాలన్నిటినీ బంధుత్వంతో కట్టివేశాడు. అయితే గెలిచినవారి ఇంటి కూతురు మెట్టినింట రాతి మీద తన పేరు తాను చెక్కించుకొన్నది. దీవి కూతుళ్ళు సోదరుడు చెక్కించిన రాతిలో కనిపిస్తారు. పుట్టింటి బలం ఆడపిల్లకు ఎంత అవసరమో మన అమ్మలకు తెలిసిన విషయమే. అది రాణులకు కూడా అంతే.

మన సీమతోనే ముడిపడిన మరొక కథ ఇక్కడ గుర్తుకు వస్తున్నది. కళింగ దండయాత్రకు వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు మన ఘంటసాల చెంత గల శ్రీకాకుళంలో ఆగినాడు. ఆంధ్రవిష్ణువు కలలో కనబడి ఆముక్తమాల్యద రచించమన్నాడని ఆ కావ్యమే చెబుతుంది. ఆ దండయాత్రలో ఓడిన ప్రతాపరుద్ర గజపతి తన కుమార్తెను రాయలకు ఇచ్చాడు. ఆమెను తుక్కాదేవి అంటారు. రాయలు ఆమెను ఆదరించలేదనీ, ఆమె కంభం చెరువు ప్రాంతంలో ఒంటరిగా బ్రతికి, తన వేదనను ఐదు సంస్కృత శ్లోకాలలో చెప్పుకొన్నదనీ ఐతిహ్యం. ఆ శ్లోకాలు ఆమెవేనా అన్న వాదన పండితులకు వదలివేద్దాం. ఓడినవారింటి పెళ్ళికూతురికి ఒక గొంతు ఉండి తీరాలని మన జాతి భావించడమే ఇక్కడ విశేషం. తుక్కాదేవికి ఆ గొంతును ఐతిహ్యం ఇచ్చింది. నారాంబ, పేరాంబలకు అటువంటి కవి దొరకలేదు.

మళ్ళీ జాయప దగ్గరకు వద్దాం. దీవి చేజిక్కిన కొద్ది సంవత్సరాలలో వెలనాటి పృథ్వీశ్వరుని అధికారం కూడా అంతరించింది. వెలనాడు కాకతీయుల వశమైంది. 1213లో గణపతిదేవుడు తామ్రపురిని జాయపకు ఇచ్చాడు. తామ్రపురి అంటే నేటి గుంటూరు జిల్లా చేబ్రోలు. ఇందులోని విడ్డూరాన్ని విద్యార్థులు గమనించాలి. జాయప తండ్రితాతలు వెలనాటి చోడులకు సామంతులు. వారి ఎదుట చేతులు కట్టుకొని నిలిచినవారు. ఇప్పుడు ఆ వంశపు బిడ్డ వెలనాటికే పాలకుడైనాడు. ఓటమి మూలంగా పాత యజమానికి పైవాడు కావడం లోకంలో అరుదుగా జరుగుతుంది. వియ్యం లేకపోతే ఇది జరిగేది కాదు. జాయపకు ప్రతిభ లేకపోతే వియ్యం ఒక్కటే ఇంతదూరం తెచ్చేది కాదు. ఓరుగల్లు అంతఃపురానికి బావమరుదుల కొరత ఉండదు కదా!

ఆ 1213వ సంవత్సరంలోనే అటు పాలంపేటలో రేచర్ల రుద్రుడు రామప్పగుడిని నిర్మించాడు. ఒకడు రాజు చెరలో ఉన్నప్పుడు రాజ్యాన్ని నిలిపినవాడు. మరొకడు రాజు గెలిచినప్పుడు పట్టుకొని వచ్చినవాడు. ఇద్దరూ ఒకే కొలువులో ఉన్నారు, ఇద్దరూ గుడులు కట్టించారు.

జాయప కట్టించిన గుడులలో రెండింటి పేర్లు మమ్మల్ని చాలాకాలం ఆలోచింపజేశాయి. చేబ్రోలులో ఆయన కట్టించిన శివాలయానికి చోడేశ్వరమని తండ్రి పేరు పెట్టాడు. తరువాత, 1231లో, పుట్టినగడ్డ అయిన దీవిలో మరొక శివాలయం కట్టించాడు. దానికి గణపేశ్వరమని గణపతిదేవుని పేరు పెట్టాడు. లోకరీతి ప్రకారం ఆలోచిస్తే ఇది తారుమారుగా ఉండవలసినది. తండ్రి ఏలిన దీవిలో తండ్రి పేరు, రాజు ఇచ్చిన చేబ్రోలులో రాజు పేరు పెట్టడం సహజం. జాయప అట్లా చేయలేదు. ఓడిన తండ్రి పేరును పాత యజమానుల నేల మీద, వెలనాటి నడిబొడ్డున నిలిపాడు. గెలిచిన బావ పేరును తండ్రి ఓడిపోయిన దీవిలో నిలిపాడు. మొదటిది కొడుకు తీర్చుకొన్న బాకీ. రెండవది సామంతుడు తీర్చుకొన్న బాకీ. దీవి ప్రజలు తమను గెలిచినవాని పేరుగల దేవునికి ప్రతిదినం మొక్కుకొన్నారు. మొక్కగా మొక్కగా అది దేవుని పేరే అయిపోయింది. నేడు నాగాయలంక మండలంలో గణపేశ్వరం అనే ఊరున్నది. ఆ ఊరి పేరులో ఒక దండయాత్ర దాగి ఉన్నదని బస్సు దిగేవారిలో ఎందరికి తెలుసు? కాకతీయ వంశాన్నీ, అయ్య వంశాన్నీ, దీవి వియ్యాన్నీ సంస్కృత శ్లోకాలలో మనకు తెలిపిన శాసనం అక్కడిదే.

దీవి చేతికి రావడంతో తీరం కూడా కాకతీయులకు దక్కింది. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వర్తకులకు అభయశాసనం వేయించాడు. అంతకు మునుపు గాలివానకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన నావలలోని సరుకును రాజులు కాజేసేవారు. ఇకమీదట సుంకం తప్ప వేరేమీ తీసుకోమని ఆ శాసనం మాట ఇచ్చింది. ముప్పదింట ఒక వంతు సుంకం. సముద్రం మీద ప్రాణాలకు తెగించి వచ్చినవారి సొత్తును ముట్టబోమని ఆ రాజు చెప్పిన తీరు ఏ దేశపు రాజుకైనా కీర్తి తెచ్చేది. బందరు రేవులో పుట్టి పెరిగిన మా విద్యార్థులకు దాని విలువ ఎవరూ వివరించనక్కరలేదు.

ఓడినవారింటి పిల్లను తెచ్చుకొన్నంత మాత్రాన వైరం చల్లారుతుందని మాత్రం అనుకోరాదు. దీవి వియ్యం జరిగిన రెండు వందల ఏళ్ళకు బహమనీ సుల్తాను ఫిరోజ్‌షా విజయనగర దేవరాయల కుమార్తెను పెండ్లాడిన కథ ఫెరిష్టా తన చరిత్రలో వ్రాశాడు. యుద్ధంలో పైచేయి అయిన సుల్తాను బంకాపురం కోటను కట్నంగా పుచ్చుకొన్నాడు. వివాహం మహావైభవంగా జరిగింది. వీడ్కోలునాడు అల్లుని విడిది వరకు సాగనంపవలసిన మామ దారి మధ్యలోనే వెనుదిరిగాడట. ఆ అవమానం సుల్తాను మనసులో ముల్లుగా నిలిచింది. కొన్నేళ్ళకు పానుగల్లు వద్ద మళ్ళీ యుద్ధం జరిగింది. 1420లో ఫిరోజ్‌షా ఓడిపోయాడు. పెళ్ళి జరిగింది, వియ్యం మాత్రం కుదరలేదు. కారణం వెదకితే వేరుగా కనిపించదు. అక్కడ ఇద్దరూ మరునాటి యుద్ధాన్ని మనసులో ఉంచుకొనే పెళ్ళిపీటల దగ్గరకు వచ్చారు. ఇవ్వడం ఒకవైపు నుండే జరిగింది. గణపతి పిల్లలను తీసుకొన్నాడు; బదులుగా మామకు గద్దె, బావమరిదికి ఏనుగుల దళం, పిమ్మట ఒక మండలం ఇచ్చాడు. ఆ ఇచ్చిపుచ్చుకోవడమే అర్ధశతాబ్దం పాటు దీవిని ఓరుగల్లుకు కట్టి ఉంచింది.

అర్ధశతాబ్దమని ఊరికే అనలేదు. 1253-54 సంవత్సరంలో జాయప సంస్కృతంలో నృత్తరత్నావళి రచించాడు. దీవి నుండి పసివాడుగా వెళ్ళిన ఆయన అప్పటికి వార్ధక్యంలో అడుగుపెట్టి ఉండాలి. ఏనుగుల అధిపతి, మండల పాలకుడు అయినవాడు నృత్యం మీద గ్రంథం వ్రాయడం మనకు వింతగా తోచవచ్చు. ఆ గ్రంథాన్ని చదివినవారికి ఆ వింత పోతుంది. చూసినదాన్ని చూసినట్లు, లెక్కతప్పకుండా, వరుస చెడకుండా చెప్పే సేనాని బుద్ధి అందులో అడుగడుగునా కనిపిస్తుంది. అడుగు ఎక్కడ వేయాలి, మోకాలు ఎంత వంచాలి, చూపు ఎటు నిలపాలి అన్నది ఆయన వ్యూహం చెప్పినంత నిక్కచ్చిగా చెప్పాడు.

గ్రంథంలో ఎనిమిది అధ్యాయాలు ఉన్నాయి. మొదటి నాలుగూ మార్గపద్ధతికి, అనగా భరతముని చెప్పిన శాస్త్రీయ సంప్రదాయానికి సంబంధించినవి. తక్కిన నాలుగూ దేశిపద్ధతికి, అనగా ఆయా ప్రాంతాలలో జనం ఆడుకొనే నృత్యాలకు సంబంధించినవి. పేరణి, ప్రేంఖణం, రాసకం, దండరాసకం, చర్చరి, శివప్రియం, కందుకం, కోలాటం మొదలైనవాటికి ఆయన లక్షణాలు చెప్పాడు. శాస్త్రకారులు చాలామంది పూర్వగ్రంథాలను తిరిగి వల్లించి తృప్తిపడతారు. జాయప భరతుని కాదనలేదు. అయితే భరతునికి ఇచ్చినంత చోటే ఊరి కోలాటగాళ్ళకూ, శివభక్తుల వీరంగానికీ, బంతులాడే ఆడపిల్లలకూ ఇచ్చాడు. రాజ్యపు అంచున ఉన్న ఒక దీవి నుండి వచ్చి రాజధాని నడుమ కూర్చున్నవాడు గనుకనే అంచులనూ నడుమనూ సమంగా చూడగలిగాడేమో అని మాకు తోస్తున్నది. దీనిని రుజువు చేయమని మమ్మల్ని అడగవద్దు. గ్రంథం చదివి మీరే తేల్చుకోండి.

గ్రంథం చివరి భాగంలో నర్తకి సభకు వచ్చే తీరు, సభాపతి కూర్చునే తీరు, శిక్షణ, ప్రదర్శన క్రమం వర్ణించబడినాయి. సభలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో అంత శ్రద్ధగా చెప్పడం చూస్తే, చిన్ననాట పరాయి కొలువులో అడుగుపెట్టి తన చోటు ఏదో తానే కనిపెట్టుకొన్న బాలుడు మాకు గుర్తుకు వస్తాడు.

ఈ గ్రంథం ఎన్నో శతాబ్దాలు తాళపత్రాలలోనే ఉండిపోయింది. డాక్టరు వి. రాఘవన్ పరిష్కరించగా 1965లో మద్రాసులో అచ్చయింది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు దానిని తెనిగించగా 1969లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ ప్రకటించింది. నటరాజ రామకృష్ణ గారు ఈ గ్రంథంలోని లక్షణాలనూ, రామప్పగుడి శిల్పాలనూ పక్కపక్కన పెట్టి పరిశీలించి, మరుగునపడిన పేరణి నృత్యానికి మళ్ళీ రూపం కల్పించారు. 1985 శివరాత్రినాడు రామప్పగుడి ముంగిట పేరణి కళాకారులు ఆ నృత్యాన్ని ప్రదర్శించారు. రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ముందర, దీవి వియ్యంతో ఓరుగల్లు చేరిన బాలుడు వ్రాసిపెట్టిన అడుగులు అవి.